హైడ్రోజన్ బంధాలు పరివర్తన లోహ సంశ్లిష్టాల ఎలక్ట్రాన్ నిర్మాణాన్ని ఎలా మారుస్తాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

బీఎస్సీ, ఎమ్మెస్సీ రసాయనశాస్త్ర విద్యార్థులకు ఈ అంశం మీద వచ్చే సందేహాలకు ఇక్కడ జవాబులు ఉన్నాయి. లైగాండ్, డి-ఆర్బిటాళ్ల విభజన, ఆక్సీకరణ స్థితి అనే మాటలు పరిచయం ఉంటే చాలు. చివరి రెండు ప్రశ్నలు పరిశోధనలోకి అడుగుపెట్టేవారి కోసం.

హైడ్రోజన్ బంధం లోహానికి తగలదు కదా, లోహం మీద దాని ప్రభావం ఏమిటి?

ప్రభావం లైగాండ్ గుండా వస్తుంది. లైగాండ్ తన ఒంటరి ఎలక్ట్రాన్ జంటను లోహంతో పంచుకుంటుంది. అదే లైగాండ్ పరమాణువు మీద, లేదా దాని పక్క పరమాణువు మీద, బయటి నుంచి ఒక హైడ్రోజన్ వచ్చి వాలితే ఆ ఎలక్ట్రాన్ సాంద్రతలో కొంత అటు జరుగుతుంది. ఒకే దుప్పటి కప్పుకున్న ఇద్దరిలో ఒకరి పక్కన మూడో మనిషి వచ్చి పడుకున్నట్టే: మూడో మనిషి రెండో అంచున ఉన్నవాడిని తాకకపోయినా దుప్పటి జరిగిన సంగతి వాడికి తెలుస్తుంది.

లోహానికి నేరుగా అతుక్కున్న పరమాణువుల వలయాన్ని ప్రథమ సమన్వయ వలయం అంటాం. దాని చుట్టూ ఉండే ద్రావణి అణువులు, ప్రతి-అయాన్లు (వ్యతిరేక ఆవేశం ఉన్న జోడీ అయాన్లు), ప్రోటీన్ అవశేషాలు (అమైనో ఆమ్ల భాగాలు) ద్వితీయ వలయం. 1913లో నోబెల్ అందుకున్న ఆల్‌ఫ్రెడ్ వెర్నర్ నాటి నుంచి మనం చతురస్రపు కుండలీకరణం గీసి, లోపలిది సంశ్లిష్టం, బయటిది సంబంధం లేనిది అన్నట్టు పాఠం చెప్పుకుంటున్నాం. ఆ కుండలీకరణం లెక్కల సౌకర్యం కోసం గీసుకున్నదే. ఎలక్ట్రాన్లు దాన్ని పట్టించుకోవు.

ప్రభావం ఏ దిశలో ఉంటుందో ముందే చెప్పగలమా?

చాలావరకు చెప్పగలం. ఈ పేజీలో ఒక్క విషయమే గుర్తుంచుకునే ఓపిక ఉంటే ఇదే గుర్తుంచుకోండి. హైడ్రోజన్ బంధంలో లైగాండ్ హైడ్రోజన్‌ను పుచ్చుకుంటోందా, ఇస్తోందా అని చూడాలి.

పుచ్చుకుంటే (సయనైడ్, ఆక్సో, థయోలేట్, క్లోరైడ్ వంటివి) లైగాండ్ లోహానికి ఇచ్చే ఎలక్ట్రాన్ సాంద్రత తగ్గుతుంది. లోహం ఎలక్ట్రాన్ల పరంగా పేదదవుతుంది. ఎక్కువ ఆక్సీకరణ స్థితికి వెళ్లడం కష్టమవుతుంది, క్షయకరణ పొటెన్షియల్ పెరుగుతుంది.

ఇస్తే (అమ్మోనియా, ఇమిడజోల్, లోహానికి అతుక్కున్న నీరు వంటివి) లైగాండ్ మీది హైడ్రోజన్ సగం ఊడిపోయినట్టు ప్రవర్తిస్తుంది. లైగాండ్ ఋణావేశం వైపు మొగ్గుతుంది, మరింత బలమైన దాత అవుతుంది. లోహం సంపన్నమవుతుంది, పొటెన్షియల్ పడిపోతుంది.

ఈ మాట చెప్పకుండా "హైడ్రోజన్ బంధం పొటెన్షియల్‌ను పెంచుతుంది" అని మాత్రమే రాసిన వాక్యం ఎక్కడ కనబడినా అనుమానించండి.

ఇరవై కిలోజౌళ్ల బంధం అంత పెద్ద డి-విభజనను ఏం చేయగలదు?

మంచి ప్రశ్న. సాధారణ హైడ్రోజన్ బంధం శక్తి మోల్‌కు 4 నుంచి 40 కిలోజౌళ్లు. ఆరు నీటి అణువులున్న టైటానియం(III) అయాన్‌లో డి-విభజన సుమారు 20,300 సెం.మీ⁻¹, అంటే మోల్‌కు 243 కిలోజౌళ్లు. పక్కపక్కన పెట్టి చూస్తే హైడ్రోజన్ బంధం చిన్నదే.

అయితే రసాయనం నడిచేది మొత్తం శక్తి మీద కాదు, రెండు స్థితుల మధ్య తేడా మీద. ఎలక్ట్రోకెమిస్ట్రీలో ఒక వోల్ట్ అంటే ఒక ఎలక్ట్రాన్‌కు మోల్‌కు 96.5 కిలోజౌళ్లు. కాబట్టి ఒక హైడ్రోజన్ బంధం ఆక్సీకరణ రూపంలో కన్నా క్షయకరణ రూపంలో 10 కిలోజౌళ్లు బలంగా ఉంటే చాలు, పొటెన్షియల్ 100 మిల్లీవోల్ట్‌ల పైచిలుకు జరుగుతుంది. గది ఉష్ణోగ్రత దగ్గర 100 మిల్లీవోల్ట్‌లంటే సమతాస్థిరాంకంలో దాదాపు 50 రెట్ల మార్పు. అటువంటి బంధాలు మూడు నాలుగు కలిస్తే ఎంతవుతుందో మీరే లెక్క వేసుకోండి.

కంటికి కనిపించే ఉదాహరణ ఉందా?

ఉంది. రెండు ఫినాంత్రోలిన్‌లు, రెండు సయనైడ్‌లు పట్టుకున్న ఇనుము(II) సంశ్లిష్టాన్ని నీటిలో కరిగిస్తే ఎరుపు ఛాయ వస్తుంది. అదే పదార్థం అసిటోన్‌లో నీలంగా కనిపిస్తుంది. లోహం మారలేదు, లైగాండ్లు మారలేదు, మారింది ద్రావణి ఒక్కటే.

జరిగేది ఇది. సయనైడ్‌లో కార్బన్ ఇనుముకు అతుక్కుని ఉంటుంది, నైట్రోజన్ బయటి వైపు చూస్తుంటుంది. నీటి హైడ్రోజన్ ఆ నైట్రోజన్‌ను పట్టుకుంటుంది. అప్పుడు సయనైడ్ సిగ్మా (σ) దానం తగ్గి, పై (π) స్వీకరణ పెరుగుతుంది. ఇనుము డి-ఆర్బిటాళ్ల శక్తి కిందికి దిగుతుంది. ఈ రంగు ఇనుము నుంచి ఫినాంత్రోలిన్ π* ఆర్బిటాల్‌కు ఎలక్ట్రాన్ దూకడం వల్ల వచ్చేది. కింది మెట్టు ఇంకా దిగితే దూకాల్సిన ఎత్తు పెరుగుతుంది, శోషణ తక్కువ తరంగదైర్ఘ్యం వైపు జరుగుతుంది. అసిటోన్‌కు ఇవ్వడానికి అటువంటి హైడ్రోజన్ లేదు.

దీనికి సరిగ్గా ఎదురు తిరిగేది ఐదు అమ్మోనియాలు, ఒక పిరిడీన్ ఉన్న రుథేనియం(II) సంశ్లిష్టం. ఇక్కడ అమ్మోనియాలే హైడ్రోజన్ ఇచ్చేవి. ద్రావణి ఎంత బలమైన ఎలక్ట్రాన్ దాత అయితే, ఉదాహరణకు డైమిథైల్ సల్ఫాక్సైడ్, శోషణ అంత ఎక్కువ తరంగదైర్ఘ్యం వైపు పోతుంది. రుథేనియం(III) అంత సులువుగా ఏర్పడుతుంది. రెండూ ద్రావణితో రంగు మారే సంశ్లిష్టాలే అయినా వాటి దిశలు వేరు. పై నియమానికి ఇంతకన్నా చక్కటి జోడీ నాకు తెలియదు.

మొదటి దాని తయారీలో సయనైడ్ లవణాలు వాడతారు. తగిన ఏర్పాట్లు లేని ప్రయోగశాలలో దీన్ని ప్రయత్నించవద్దు.

ఫెర్రోసయనైడ్ పొటెన్షియల్‌కు ఒక్కో పుస్తకంలో ఒక్కో విలువ ఎందుకు?

ఫెర్రీసయనైడ్/ఫెర్రోసయనైడ్ జంటకు నీటిలో విలువ +0.36 వోల్ట్. గాఢమైన ఆమ్లంలో అది +0.7 వోల్ట్ దరిదాపులకు ఎక్కుతుంది. హైడ్రోజన్ ఇవ్వలేని సేంద్రియ ద్రావణిలోకి తీసుకెళితే నీటి విలువ కన్నా చాలా కిందికి దిగిపోతుంది. అంటే హైడ్రోజన్ బంధం లేని స్థితి, ఉన్న స్థితి, హైడ్రోజన్ పూర్తిగా అతుక్కున్న స్థితి, ఈ మూడూ ఒకే గీత మీది మెట్లు. ఫెర్రోసయనైడ్‌కు నాలుగు ఋణావేశాలు, ఫెర్రీసయనైడ్‌కు మూడు. ఆవేశం ఎక్కువ ఉన్నదే హైడ్రోజన్‌ను గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి క్షయకరణ రూపం లాభపడుతుంది. ద్రావణి సాధారణ ధ్రువత్వానికి కూడా ఇందులో వాటా ఉంది, అంతా హైడ్రోజన్ బంధాల లెక్కలో వేయకూడదు.

మైలుతుత్తంలో ఐదో నీటి అణువు కథ ఇదేనా?

పాక్షికంగా. బీవర్స్, లిప్సన్ 1934లో తేల్చిన స్ఫటిక నిర్మాణం ప్రకారం రాగి చుట్టూ చతురస్రంగా నాలుగు నీటి అణువులు, పైనా కిందా సల్ఫేట్ ఆక్సిజన్‌లు ఉంటాయి. ఐదో నీరు రాగిని తాకదు. హైడ్రోజన్ బంధాలతో అమరి ఉంటుంది. వేడి చేసినప్పుడు అందరికన్నా చివర పోయేది అదే. కానీ నీలం పోయి తెల్లబడటానికి ప్రధాన కారణం రాగి చుట్టూ నీరు పోయి సల్ఫేట్ ఆక్సిజన్‌లే మిగలడం, అంటే ప్రథమ వలయం మారడం. ద్వితీయ వలయం ప్రభావానికి దీన్ని ఉదాహరణగా చూపిస్తే విద్యార్థిని తప్పుదారి పట్టించినట్టే.

మరి ప్రయోగశాలలో రోజూ చూసే మంచి ఉదాహరణ ఏది?

నికెల్ పరీక్ష. అమ్మోనియా కలిపిన నికెల్ ద్రావణంలో డైమిథైల్ గ్లయాక్సిమ్ వేస్తే గులాబీ ఎరుపు అవక్షేపం వస్తుంది. చుగాయెవ్ 1905లో ఈ చర్యను ప్రకటించాడు. లవణ విశ్లేషణలో దీన్ని చేయనివారు ఉండరు, కానీ అవక్షేపం లోపల ఏముందో చూసినవారు తక్కువ.

రెండు గ్లయాక్సిమ్‌లు నికెల్ చుట్టూ సమతలంలో కూర్చుంటాయి. ఒక్కోటి ఒక్కో హైడ్రోజన్‌ను కోల్పోతుంది. మిగిలిన హైడ్రోజన్ రెండు ఆక్సిజన్‌ల మధ్య వంతెనై, రెండు లైగాండ్లనూ అంచుల దగ్గర కలిపి కుడుతుంది. ఆ రెండు ఆక్సిజన్‌ల మధ్య దూరం సుమారు 2.44 ఆంగ్‌స్ట్రామ్‌లు. మంచులో అది 2.76. అంత బిగువైన హైడ్రోజన్ బంధమన్న మాట. ఫలితంగా విడివిడి లైగాండ్లు రెండూ పోర్ఫిరిన్ వంటి ఒకే పెద్ద వలయంలా పనిచేస్తాయి; బలమైన సమతల క్షేత్రం ఏర్పడి నికెల్ డయాఅయస్కాంతంగా ఉండిపోతుంది.

కోబాల్ట్‌తోనూ ఇదే నిర్మాణం కట్టవచ్చు. అక్కడ వంతెన హైడ్రోజన్‌ల స్థానంలో బోరాన్ డైఫ్లోరైడ్ పెడితే కోబాల్ట్ పొటెన్షియల్ ధన దిశలో గణనీయంగా జరుగుతుంది. హైడ్రోజన్ వాయువు తయారుచేసే ఉత్ప్రేరకాల మీద పనిచేసేవారు ఈ కిటుకును విరివిగా వాడుకున్నారు.

హీమోగ్లోబిన్, మయోగ్లోబిన్‌లలో హైడ్రోజన్ బంధం చేసే పని ఏమిటి?

హీమ్‌లోని ఇనుము(II)కు ఆక్సిజన్ అణువు తగిలినప్పుడు ఇనుము ఒక ఎలక్ట్రాన్‌ను దాదాపుగా ఆక్సిజన్‌కు అప్పగిస్తుంది. ఆ స్థితిని ఇనుము(III)-సూపర్ ఆక్సైడ్ అని రాయాలా, ఇనుము(II)-ఆక్సిజన్ అని రాయాలా అన్నది 1964లో వైస్, పౌలింగ్‌ల మధ్య పత్రికాముఖంగా నడిచిన వాదన. ఆ సందర్భంలోనే పౌలింగ్ దూరపు వైపు (ఆక్సిజన్ కూర్చునే వైపు) ఉన్న హిస్టిడీన్ అనే అమైనో ఆమ్లం ఆ ఆక్సిజన్‌తో హైడ్రోజన్ బంధం కడుతుందని ఊహించాడు. 1981లో ఫిలిప్స్, షోన్‌బోర్న్ న్యూట్రాన్ వివర్తనంతో ఆక్సీమయోగ్లోబిన్‌లో ఆ హైడ్రోజన్‌ను కళ్లకు కట్టారు.

ఈ బంధం ఋణావేశం మోస్తున్న ఆక్సిజన్‌ను స్థిరపరుస్తుంది, ఎలక్ట్రాన్‌ను ఇంకాస్త అటు లాగుతుంది. ఆ హిస్టిడీన్ (ప్రోటీన్ గొలుసులో 64వది) స్థానంలో గ్లైసీన్ వంటి చిన్న అవశేషాన్ని పెడితే ఆక్సిజన్ పట్టు సడలుతుంది, ఇనుము తనంతట తాను ఆక్సీకరణం చెంది పనికిరాకుండా పోయే వేగం పెరుగుతుంది.

కార్బన్ మోనాక్సైడ్ విషయం మరింత ఆసక్తికరం. విడి హీమ్ నమూనాలు కార్బన్ మోనాక్సైడ్‌ను ఆక్సిజన్ కన్నా దాదాపు 20,000 రెట్లు గట్టిగా పట్టుకుంటాయి. మయోగ్లోబిన్‌లో ఆ నిష్పత్తి సుమారు 25. హిస్టిడీన్ అడ్డుపడి కార్బన్ మోనాక్సైడ్‌ను వంచేయడం వల్లే ఇలా అవుతుందని చాలాకాలం చెప్పుకున్నారు. ఇప్పటికీ కొన్ని పాఠ్యపుస్తకాలు అదే బొమ్మ అచ్చు వేస్తున్నాయి. ఆ వివరణను ఇక పక్కన పెట్టాలి. అసలు భారం ఆక్సిజన్‌కు దక్కే హైడ్రోజన్ బంధం మీదే ఉంది: ఋణావేశం తెచ్చుకున్న ఆక్సిజన్‌కు అది గట్టిగా దక్కుతుంది, పెద్దగా ఆవేశం లేని కార్బన్ మోనాక్సైడ్‌కు నామమాత్రంగా దక్కుతుంది. ఆ నామమాత్రపు స్పర్శ కూడా వర్ణపటంలో కనబడుతుంది. మయోగ్లోబిన్‌లో కార్బన్ మోనాక్సైడ్ కంపనం 1945 సెం.మీ⁻¹ దగ్గర ఉంటే, హిస్టిడీన్‌ను తీసేసి లూసిన్ పెట్టిన రూపంలో అది 1965 దాటుతుంది. హిస్టిడీన్ హైడ్రోజన్ పక్కన ఉన్నప్పుడు ఇనుము నుంచి వెనక్కు వచ్చే π-దానం కాస్త ఎక్కువన్న మాట.

ఇనుముకు రెండో వైపు కూడా హిస్టిడీనే ఉంది కదా, దాని సంగతి?

అక్కడ నియమంలోని రెండో సగం పనిచేస్తుంది. దగ్గరి హిస్టిడీన్ ఇనుముకు నేరుగా అతుక్కుని, తన ఇంకో నైట్రోజన్ మీది హైడ్రోజన్‌ను పొరుగుకు ఇస్తుంది. మయోగ్లోబిన్‌లో దాన్ని పుచ్చుకునేవి ప్రోటీన్‌లోని తటస్థమైన ఆక్సిజన్ పరమాణువులు. పెరాక్సిడేజ్ ఎంజైమ్‌లలో పుచ్చుకునేది ఋణావేశం ఉన్న ఆస్పార్టేట్. అందుకే అక్కడ హిస్టిడీన్ వలయమైన ఇమిడజోల్ ఇంచుమించు ఇమిడజోలేట్‌లా మారి, ఇనుము(III)ను, ఆపై ఇనుము(IV)ను నిలబెడుతుంది. ఇనుము-హిస్టిడీన్ కంపనం మయోగ్లోబిన్‌లో 220 సెం.మీ⁻¹ ప్రాంతంలో, గుర్రపు ముల్లంగి పెరాక్సిడేజ్‌లో 244 ప్రాంతంలో కనబడుతుంది. సైటోక్రోమ్ సి పెరాక్సిడేజ్‌లో ఆ ఆస్పార్టేట్‌ను ఆస్పరజీన్‌గా మారిస్తే పొటెన్షియల్ దాదాపు 100 మిల్లీవోల్ట్‌లు పైకి పోతుంది. ఒకే హీమ్, ఒకే హిస్టిడీన్. ఒకటి ఆక్సిజన్‌ను దాచుకునే ప్రోటీన్, ఇంకొకటి పెరాక్సైడ్‌ను చీల్చే ఎంజైమ్.

గంధకం లైగాండ్‌గా ఉంటే?

గంధకం హైడ్రోజన్ బంధాలు బలహీనమని మనకు అలవాటైన అభిప్రాయం. లోహానికి అతుక్కున్న థయోలేట్ విషయంలో అది చెల్లదు. అది ఋణావేశం మోస్తుంది, హైడ్రోజన్‌ను బాగానే పట్టుకుంటుంది.

నాలుగు ఇనుములు, నాలుగు గంధకాలు కలిసిన ఘనాకార గుచ్ఛం ఎలక్ట్రాన్లు మోసే ఫెర్రిడాక్సిన్‌లలోనూ ఉంది, హైపిప్ (అధిక పొటెన్షియల్ ఇనుము ప్రోటీన్) అనే ప్రోటీన్లలోనూ ఉంది. రెండు చోట్లా సిస్టీన్‌లే పట్టుకుని ఉంటాయి. కానీ ఫెర్రిడాక్సిన్ మైనస్ 400 మిల్లీవోల్ట్‌ల చుట్టుపక్కల పనిచేస్తుంది, హైపిప్ ప్లస్ 350 చుట్టుపక్కల. 1972లో కార్టర్ బృందం దీనికి మూడు స్థితుల వివరణ ఇచ్చింది: విశ్రాంతి స్థితి రెండింటికీ ఒకటే, ఫెర్రిడాక్సిన్ దాని నుంచి ఒక ఎలక్ట్రాన్ తీసుకుంటుంది, హైపిప్ ఒకటి వదులుతుంది. అలా ఎందుకు చీలిపోయాయి? ఫెర్రిడాక్సిన్ గుచ్ఛం చుట్టూ అమైడ్ హైడ్రోజన్‌లు ఎక్కువ, పైగా నీటికి అందుబాటులో ఉంటుంది. హైపిప్ గుచ్ఛం జలవిరోధి గుహలో పూడుకుని ఉంటుంది. హైడ్రోజన్ బంధాలు ఉన్నచోట ఎలక్ట్రాన్ తీసుకోవడం, లేనిచోట వదలడం సులువు.

2007లో స్టాన్‌ఫర్డ్‌లో ఎడ్వర్డ్ సాలమన్ సహచరులు దీన్ని గంధకం ఎక్స్-కిరణ శోషణతో పరీక్షించారు. ప్రోటీన్‌ను శీతల శుష్కీకరణతో ఆరబెట్టి ఫెర్రిడాక్సిన్ చుట్టూ నీటిని తీసేస్తే ఇనుము-గంధకం బంధంలో సహసంయోజకత పెరిగి హైపిప్ వైపు జరిగింది. హైపిప్ ప్రోటీన్‌ను విప్పి గుచ్ఛాన్ని నీటికి చూపిస్తే అది ఫెర్రిడాక్సిన్ వైపు జరిగింది. ఈ రంగంలో నాకు అన్నిటికన్నా నచ్చిన ప్రయోగం ఇదే. ఒక అమైనో ఆమ్లాన్నైనా మార్చకుండా, నీటిని తీసి, నీటిని చూపించి విషయం తేల్చారు.

రాగి ప్రోటీన్లలో కావాలని పొటెన్షియల్‌ను మార్చగలిగారా?

మార్చారు. అజురిన్ అనే నీలి రాగి ప్రోటీన్ సహజ పొటెన్షియల్ 265 మిల్లీవోల్ట్‌ల దరిదాపుల్లో ఉంటుంది. యీ లూ బృందం 2009లో కొద్దిపాటి మార్పులతో దాన్ని 90 నుంచి 640 మిల్లీవోల్ట్‌ల దాకా సాగదీసింది. రాగికి అతుక్కున్న సిస్టీన్ గంధకం దగ్గర హైడ్రోజన్ బంధం తీసేస్తే విలువ తగ్గింది, పరిసరాలను ఆ బంధాలకు అనుకూలంగా మారిస్తే పెరిగింది. అక్షం మీది మీథియోనిన్‌ను మార్చడం కూడా అందులో భాగమే, ఘనత అంతా హైడ్రోజన్ బంధానిది కాదు. ఆ రెండు రకాల మార్పుల ప్రభావాలు దాదాపుగా కూడుకుపోయాయన్నదే అసలు ఉపయోగకరమైన సంగతి.

స్పిన్ స్థితిని కూడా మార్చగలదా?

అధిక స్పిన్, అల్ప స్పిన్ స్థితుల శక్తులు దగ్గరదగ్గరగా ఉన్నచోట మార్చగలదు. మధ్యలో పిరిడీన్, రెండు పక్కలా హైడ్రోజన్ ఉన్న పైరజోల్‌లు కలిగిన లైగాండ్‌తో ఇనుము(II) సంశ్లిష్టాన్ని హాల్‌క్రో బృందం వేర్వేరు ద్రావణులలో కొలిచింది. సగం అణువులు స్పిన్ మారే ఉష్ణోగ్రత సేంద్రియ ద్రావణులలో కన్నా నీటిలో 70 కెల్విన్‌లకు పైగా ఎక్కువ. పైరజోల్ తన హైడ్రోజన్‌ను నీటికి ఇచ్చి, తాను బలమైన దాతగా మారి, అల్ప స్పిన్‌కు మద్దతిస్తుంది.

ఘన స్థితిలో మాత్రం ఇంత సూటిగా ఉండదు. అక్కడ హైడ్రోజన్ బంధాలు అణువులను గొలుసులుగా బిగిస్తాయి; ఒక అణువు ఉబ్బితే పక్కది కదలాలి. స్ఫటికంలో ద్రావణి అణువు మారినా, ప్రతి-అయాన్ మారినా ఫలితం తలకిందులు కావచ్చు.

ప్రోటీన్ లేకుండా రసాయన శాస్త్రవేత్తలు ఇలాంటి గూడు కట్టారా?

కట్టారు. ఆండీ బోరోవిక్ బృందం మూడు యూరియా చేతులున్న లైగాండ్‌ను తయారుచేసింది. ఆ చేతుల మీది హైడ్రోజన్‌లు లోపలికి తిరిగి ఒక గుహలా ఏర్పడతాయి. 2000లో దానిలో ఇనుము(III)-ఆక్సో సంశ్లిష్టాన్ని ఒంటరిగా వేరుచేశారు. సాధారణంగా అటువంటి ఆక్సో వెంటనే ఇంకో ఇనుమును పట్టుకుని వంతెన కట్టేస్తుంది. ఇక్కడ ఇనుము-ఆక్సిజన్ దూరం 1.813 ఆంగ్‌స్ట్రామ్‌లు, బహుబంధం ఉన్న ఇనుము(IV)-ఆక్సో దూరాల కన్నా చాలా ఎక్కువ. ఆక్సో మీది ఎలక్ట్రాన్లు లోహం వైపు కాక హైడ్రోజన్‌ల వైపు మళ్లడం దీనికి ఒక కారణం.

లోహమే హైడ్రోజన్‌ను పుచ్చుకోవడం సాధ్యమా?

సాధ్యమే. ఎలక్ట్రాన్లు పుష్కలంగా ఉన్న సమతల ప్లాటినం(II)లో నిండిన డి-ఆర్బిటాల్ పైకి చూస్తుంటుంది. నీటి అణువు తన హైడ్రోజన్‌ను దాని వైపు తిప్పి ఉండటం న్యూట్రాన్ వివర్తనంలో కనబడింది. కోబాల్ట్ టెట్రాకార్బొనిల్ ఋణ అయాన్, అమ్మోనియం అయాన్ల మధ్యా ఇటువంటిదే ఉంది. హైడ్రోజన్ బంధానికి ఇచ్చే నిర్వచనం 2011లో విస్తృతమైంది; ఆ అంతర్జాతీయ కమిటీలో బెంగళూరు ఐఐఎస్సీకి చెందిన అరుణన్, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో దశాబ్దాల పాటు స్ఫటిక ఇంజినీరింగ్ చేసిన గౌతమ్ దేశిరాజు ఉన్నారు.

నిజంగా ఎలక్ట్రాన్ కదులుతోందా, లేక ఆవేశాల ఆకర్షణేనా?

రెండూ ఉంటాయి, వాటా మారుతుంది. పొటెన్షియల్ మార్పులో పెద్ద భాగాన్ని హైడ్రోజన్ స్థానంలో ఒక ధనావేశ బిందువు పెట్టి కూడా రాబట్టవచ్చు. కాబట్టి పొటెన్షియల్ జరిగిందని చూపి "ఎలక్ట్రాన్ నిర్మాణం మారింది" అనేయడం తొందరపాటు. బంధం స్వభావం మారిందని చెప్పాలంటే దాన్నే కొలిచే పద్ధతి కావాలి: లైగాండ్ వైపు నుంచి ఎక్స్-కిరణ శోషణ, ఇనుమైతే మాస్‌బవర్ వర్ణపటం, జతకాని ఎలక్ట్రాన్ ఉంటే ఈపీఆర్ (ఎలక్ట్రాన్ పారాఅయస్కాంత అనునాదం), దగ్గరి కేంద్రకాలను కూడా చూపే దాని రూపమైన ఎండార్. మామూలు నీటి బదులు భారజలంలో నమూనా తయారుచేస్తే ఎండార్‌లో మార్పిడి చెందే ప్రోటాన్ సంకేతాలు మాయమవుతాయి. ఆ ప్రోటాన్ ఎవరిదో అప్పుడు తేలుతుంది.

గణనలో దీన్ని ఎలా తీసుకోవాలి?

ద్రావణిని ఒక నిరంతర మాధ్యమంగా తీసుకునే నమూనాతో సరిపెట్టకండి. అది ధ్రువత్వాన్ని లెక్కిస్తుంది, ఒక నిర్దిష్ట హైడ్రోజన్ ఒక నిర్దిష్ట నైట్రోజన్ మీద వాలడాన్ని లెక్కించదు. సయనైడ్, ఆక్సో, థయోలేట్ ఉన్న సంశ్లిష్టాలకు ఒక్కో స్వీకర్త పరమాణువు దగ్గర కనీసం ఒక నీటి అణువునైనా స్పష్టంగా పెట్టి, చుట్టూ మాధ్యమం పెట్టాలి. అణువుల సంఖ్యను పెంచుతూ విలువ నిలకడకు వచ్చేదాకా చూడాలి. ఆక్సీకరణ, క్షయకరణ రూపాలు రెండింటికీ నీటి స్థానాలను విడివిడిగా సడలించడం మరవకూడదు. ఒకే జ్యామితిని రెండింటికీ వాడితే కొలవాలనుకున్న తేడానే చెరిపేసినట్టవుతుంది. ప్రోటీన్ అయితే అమైడ్ వెన్నెముకను క్వాంటమ్ భాగంలోకి తీసుకోండి. సిస్టీన్‌ను మిథైల్ థయోలేట్‌గా కత్తిరించి చేసిన గణనలో గంధకం దగ్గరి హైడ్రోజన్ బంధాలు లెక్కలోకే రావు.